సీసా కాదు, కిటికీ!

ఇంట్లో సముద్రం పెట్టుకున్నవాళ్ళు ఎక్కడ కలుసుకున్నా ఒకటే ఏడుపు: "మా తొట్టిలో పి.హెచ్. పడిపోయిందండీ!" ఆ మాట పూర్తవకుండానే పక్కాయన ఓ సీసా పేరు చెబుతాడు. ఫలానా పొడి రెండు చెంచాలు కలపండి, తెల్లారేసరికి పెరుగుతుంది అంటాడు. పెరుగుతుంది కూడా. ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ ఎక్కడున్నది అక్కడికే దిగుతుంది. మళ్ళీ రెండు చెంచాలు. ఆ పొడి అమ్మినవాడు బాగుపడ్డాడు తప్ప, దానివల్ల ఏ తొట్టీ బాగుపడగా నేను చూడలేదు. ఈ సీసాల వ్యవహారం శుద్ధ దండగ అనీ, ఒక్క దండగే కాదు ప్రమాదం కూడా అనీ చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. తొట్టి యజమానులకి కోపమొస్తే రానివ్వండి.

"ఇదేం గొడవమ్మా, మా ఇంట్లో తొట్టీ లేదు, చేపా లేదు" అని పేజీ తిప్పేయకండి. తలుపులు బిగించుకుని ఏసీ వేసుకుని పడుకునే ప్రతి ఇంటికీ ఇందులో వాటా ఉంది.

సముద్రపు తొట్టి అంటే రంగురాళ్ళు పోసి రెండు గోల్డ్‌ఫిష్‌లు వదిలే గాజు తొట్టి కాదు. ఉప్పు కొలిచి, నీళ్ళు వడగట్టి, దీపాలు అమర్చి, అందులో పగడాలు పెంచుతారు. పగడం అనగానే మనకి మెళ్ళో దండా, కుజదోషానికి ఉంగరమూ గుర్తొస్తాయి. కానీ అది ప్రాణి. పువ్వులా కనిపించే చిన్న చిన్న జీవులు వందలూ వేలూ ఒకచోట చేరి, నీళ్ళలో ఉన్న కాల్షియాన్నీ కార్బనేటునీ కూడగట్టుకుని, సున్నపురాయితో తమ ఇల్లు తామే కట్టుకుంటాయి. మేస్త్రీ లేడు, కూలీ లేడు. కావలసిందల్లా నీళ్ళు కాస్త క్షారంగా ఉండడం. నీళ్ళు పులుపువైపు మొగ్గాయో, కట్టడం నెమ్మదిస్తుంది. మరీ మొగ్గితే కట్టింది కూడా కరగడం మొదలుపెడుతుంది. చింతపండు రసంలో సున్నం వేసి ఇల్లు కట్టమంటే ఎవరు మాత్రం కట్టగలరు?

(ఇక్కడే ఒక మాట. ఈ ముచ్చట చదివి మన సముద్రాల్లో పగడాలు తెప్పించుకుందామని ఎవరూ సరదా పడకండి. అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖల్లోని పగడాలకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. తెచ్చినవాడికీ, కొన్నవాడికీ కూడా జైలు తప్పదు. నేను చెప్పేది మేముండే న్యూజెర్సీ సంగతి. ఇక్కడ పెంపకందార్లు తొట్లలోనే పెంచి, కొమ్మలు విరిచి, అంట్లు కట్టినట్టు అమ్ముతారు.)

ఇక పి.హెచ్. అంటే ఏమిటి? పులుపెంతో క్షారమెంతో చెప్పే లెక్క. 1909లో డెన్మార్కులో సోరెన్‌సెన్ అనే ఆయన కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో కూర్చుని దీన్ని కనిపెట్టాడు. బీరు కాచేవాళ్ళ ప్రయోగశాల అది! ఆయన భార్య మార్గరెథె కూడా ఆయనతోపాటు ఆ పనిలో చెయ్యి కలిపింది. పాఠ్య పుస్తకాల్లో ఆయన పేరొక్కటే ఉంటుందనుకోండి, అది వేరే కథ. 7 మధ్యస్థం. దానికి కింద పులుపు, పైన క్షారం. ఇవాళ సముద్రం పైనీరు 8.1 దరిదాపుల్లో ఉంటుంది. ఇంటి తొట్టి 7.8 నుంచి 8.5 దాకా ఎక్కడున్నా పగడాలు బతుకుతాయి. ఇందులో కిటుకేమిటంటే ఇది మామూలు కూడికల లెక్క కాదు. 8.1 నుంచి 7.8కి దిగిందంటే "పోన్లే, మూడు పిసరలేగా" అనడానికి లేదు. పులుపు రెట్టింపయినట్టు.

మరి ఎందుకు దిగుతుంది? చిన్నప్పుడు మన పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని ఉండేది. ఇప్పుడందరూ కార్బన్ డయాక్సైడ్ అంటున్నారు గానీ, నాకా పాత పేరే ఇష్టం. దాని గుణం పేరులోనే ఉంది. నీళ్ళలో కలిస్తే పులుపు పుట్టిస్తుంది. సోడా కాయ కొట్టి తాగినప్పుడు నాలుక చురుక్కుమనేది దానివల్లనే. ఇది బయటి గాలిలో పది లక్షల పాళ్ళకి 420కి కాస్త పైన ఉంటుంది. మనం వదిలే ఊపిరిలోనో? వందకి నాలుగు పాళ్ళు! అంటే బయటి గాలికంటే దాదాపు వంద రెట్లు. నలుగురు మనుషులు తలుపులేసుకున్న గదిలో కూర్చుంటే 1000, 1500, ఒక్కొక్కసారి 2000 దాకా పోవడం విడ్డూరమేమీ కాదు. తొట్టి నీళ్ళు ఆ గాలినే పీల్చుకుంటాయి. గాలిలో ఆ వాయువు రెట్టింపయితే నీళ్ళ పి.హెచ్. సుమారు 0.3 పడిపోతుంది. అంతే కథ. తొట్టికి ఏ రోగమూ లేదు. ఉన్నది గదికి.

న్యూజెర్సీ చలికాలంలో ఇళ్ళు ఎలా ఉంటాయో చెబితే మీకు నవ్వొస్తుంది. నవంబరులో బిగించిన కిటికీ మళ్ళీ ఏప్రిల్‌లోనే తెరుచుకోవడం. సందుల్లోంచి గాలి రాకుండా రబ్బరు పట్టీలు. లోపల హీటరు అదే గాలిని తిప్పి తిప్పి వేడి చేస్తుంది. మొన్న సంక్రాంతికి మా ఇంటికి పధ్నాలుగు మంది వచ్చారు. పొయ్యిమీద నాలుగు బర్నర్లూ వెలుగుతున్నాయి. అరిసెల మూకుడు ఒకదానిమీద, పులిహోర పోపు ఒకదానిమీద. తొట్టికి మావారు బిగించిన మీటరు మధ్యాహ్నం 8.0 చూపిస్తే, చుట్టాలు చేతులు కడుక్కుని బయల్దేరేసరికి 7.7! వాళ్ళు వెళ్ళాక నేను వంటింటి కిటికీ, వెనక తలుపు ఓ అరగంట తీసిపెట్టాను. పడుకునేవేళకి మీటరు పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఒక్క చెంచా పొడి పడలేదు.

అయినా మగవాళ్ళకి కిటికీ అంటే నమ్మకం కుదరదెందుకో! డబ్బు పెట్టి కొన్నదైతేనే మందు.

సరే, ఆ సీసాలో ఏముంటుందో చూద్దాం. రంగురంగుల చీటీ పీకి చూస్తే చాలావాటిలో ఉండేది చాకలి సోడా, లేదా వంట సోడా, లేదా రెండూ. అవి నీళ్ళలో క్షారాన్ని పెంచుతాయి, నిజమే. కానీ గదిలో గాలి అలాగే ఉన్నంతకాలం ఆ వాయువు మళ్ళీ నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది, పి.హెచ్. వెనక్కి జారుతూనే ఉంటుంది. గాలిలో 1000 పాళ్ళున్న గదిలో పొడితోనే 8.2 నిలబెట్టాలంటే నీళ్ళలో క్షారతని దాదాపు రెట్టింపు చెయ్యాలి. పగడాలకి కావలసింది తొట్టివాళ్ళ కొలతలో 7 నుంచి 11 డిగ్రీలు. అది 15, 16కి ఎక్కితే ఏమవుతుంది? నీళ్ళలో ఉన్న కాల్షియం, కార్బనేటు రెండూ కలిసి అక్కడికక్కడే సున్నపురాయిగా విరిగి రాలిపోతాయి. పాలు విరిగినట్టు.

ఇది కల్పించి చెప్పడం లేదు. మావారి స్నేహితుడొకాయన దుకాణంవాడి సలహామీద పది రోజులపాటు రోజూ పొడి పోశాడు. పదకొండోనాడు వాళ్ళావిడ నాకు ఫోను. "అక్కా, బయట మంచు, లోపల తొట్టిలో కూడా మంచు కురుస్తోంది!" వెళ్ళి చూస్తే నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. హీటరుకి తెల్లటి పెచ్చు కట్టింది, పంపు బిగుసుకుపోయింది. ఏ కాల్షియంతో పగడాలు ఇల్లు కట్టుకోవాలో అది పంపుకి అంటుకుని కూర్చుంది. కొమ్మల చివర్లు తెల్లబడి, వారం తిరక్కుండా రెండు పగడాలు చచ్చిపోయాయి. దుకాణంవాణ్ణి అడిగితే ఏమన్నాడో తెలుసా? "మోతాదు సరిపోలేదేమోనండీ!" ఆ అమ్మాయి ఆ తొట్టి గోడలు గీకుతూ నాతో అన్న మాటలు ఇక్కడ అచ్చు వెయ్యరు.

పొడి పోయక తప్పని చోటు ఒకటి ఉండేది, ఆ సంగతీ చెప్పాలి. అమెరికాలో అరిజోనా ఎడారిలో బయోస్ఫియర్ 2 అని మూడెకరాల గాజు మేడ కట్టారు. 1991 సెప్టెంబరులో నలుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు అందులోకి వెళ్ళి తలుపు మూసుకున్నారు. రెండేళ్ళు. లోపలే పొలం, లోపలే అడవి, లోపలే పగడాలున్న చిన్న సముద్రం. ఆ సముద్రం బాగోగులు అబిగెయిల్ ఆలింగ్ అనే ఆవిడ చూసుకునేది. మట్టిలో వేసిన ఎరువుని సూక్ష్మజీవులు తిని బొగ్గుపులుసు వాయువుని వదలడంతో, అది గాలిలో బయటికంటే ఎన్నో రెట్లు పెరిగింది. దాంతో సముద్రం పులుపెక్కింది. వాళ్ళు సోడా ఉప్పులు కలుపుకుంటూ, కంటికి రెప్పలా చూసుకుంటూ పగడాలని నెట్టుకొచ్చారు. ఇంతలో ఇంకో వింత. గాలిలో ప్రాణవాయువు తగ్గిపోతూ వచ్చింది గానీ, దానికి తగినంత బొగ్గుపులుసు వాయువు లెక్కకి రాలేదు. ఎక్కడికి పోయిందా అని వెతికితే, గోడల కాంక్రీటులో ఉన్న సున్నం తాగేసిందని తేలింది! చివరికి 1993లో బయటినుంచి ప్రాణవాయువు పంపక తప్పలేదు. తరవాత అదే సముద్రంలో క్రిస్ లాంగ్డన్ అనే శాస్త్రవేత్త బృందం ఏళ్ళ తరబడి కొలతలు తీసి, నీళ్ళలో కార్బనేటు తగ్గేకొద్దీ పగడాల కట్టడం తగ్గిపోతుందని 2000లో ప్రకటించింది. బయట పెద్ద సముద్రానికి జరుగుతున్నది కూడా ఇదే. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో 280 పాళ్ళుండేది ఇవాళ 420 దాటింది, సముద్రం పి.హెచ్. 0.1 దాకా దిగింది.

ఆ ఎనిమిదిమందికీ కిటికీ తెరిచే హక్కు లేదు. తెరిస్తే ప్రయోగం పాడవుతుంది. అంచేత వాళ్ళు పొడి పోశారు, తప్పులేదు. మీకేం వచ్చిందండీ? మీ ఇంట్లో ఏ ప్రయోగం జరుగుతోందని కిటికీలు బిగించుకుని సీసాలు కొంటున్నారు?

నా మాట నమ్మక్కర్లేదు, పరీక్ష చేసి చూసుకోండి. రాండీ హోమ్స్-ఫార్లీ అని అమెరికాలో ఒక రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు, తొట్లవాళ్ళందరికీ గురువు. ఆయన చెప్పిన పద్ధతి చిన్నపిల్లలైనా చెయ్యొచ్చు. తొట్టిలోంచి ఒక గ్లాసు నీళ్ళు తీసి పి.హెచ్. కొలవండి. ఆ గ్లాసుని ఆరుబయట పెట్టి చిన్న గాలి పంపుతో గంటసేపు బుడగలు పొయ్యండి. మళ్ళీ కొలవండి. బాగా పెరిగిందా? అయితే మీ నీళ్ళలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉందన్నమాట. ఇంకో గ్లాసు తీసుకుని ఇదే పని గది లోపల చెయ్యండి. లోపల పెరక్కుండా బయటే పెరిగితే, దొంగ మీ గదిలోనే ఉన్నాడు. రెండుచోట్లా పెరగలేదనుకోండి, అప్పుడు నీళ్ళలో క్షారత నిజంగానే తక్కువై ఉండొచ్చు. దాన్ని విడిగా కొలిచి, తక్కువని తేలితేనే సోడా ముట్టుకోండి. దీనికంటే ముందు మీటరు మొహం కడగండి. చాలా ఇళ్ళలో "పడిపోయిన" పి.హెచ్., పాచిపట్టిన మీటరు చెప్పే అబద్ధమే. దాన్ని 7 ద్రావకంలో, 10 ద్రావకంలో ముంచి సరిచేసి ఎన్నాళ్ళయిందో ఒకసారి అడగండి మీవారిని. నేలచూపులు చూస్తారు.

సీసా పనిచెయ్యదని తెలుసుకున్నవాళ్ళు కొందరు ఈమధ్య ఇంకో మెట్టెక్కారు. తొట్టికి స్కిమ్మరని నురుగు తీసే యంత్రం ఒకటుంటుంది. అది బోలెడు గాలి పీల్చి నీళ్ళలో బుడగలు కొడుతుంది. ఆ గాలి వచ్చే గొట్టానికి ఓ డబ్బా తగిలించి అందులో సోడాలైం గుళికలు పోస్తారు. ఆపరేషను గదుల్లో మత్తిచ్చే యంత్రాల్లో వాడే సరుకే అది. బొగ్గుపులుసు వాయువుని పీల్చేసుకుంటుంది. పని అయిపోయాక తెల్లటి గుళికలు ఊదారంగుకి తిరుగుతాయి, పారబోసి మళ్ళీ కొనాలి. పి.హెచ్. పెరుగుతుందా అంటే, పెరుగుతుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అదే గదిలో సోఫామీద కూర్చుని పిల్లలు హోంవర్కు చేసుకుంటున్నారు. తాతగారు కునుకు తీస్తున్నారు. పగడాలకేమో ఆపరేషను గది గాలి, పిల్లలకేమో నలుగురూ పీల్చి వదిలిన పాచి గాలి! ఇది ఎక్కడి న్యాయం? 2012లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవాళ్ళు కొందరిని గదిలో కూర్చోబెట్టి 600, 1000, 2500 పాళ్ళ గాలిలో పరీక్షలు పెడితే, గాలి బరువెక్కేకొద్దీ నిర్ణయాలు తీసుకునే నేర్పు తగ్గింది. తరవాతి పరిశోధనలన్నీ అదే మాట చెప్పలేదు, నిజమే. కానీ మూసిన గదిలో తల బరువెక్కడం, ఆవలింతలు రావడం మనకి ప్రయోగశాల చెప్పాలా? తొట్టి మీటరు ఆ ఇంటి గాలి బాగాలేదని అంకెల్లో రాసి చూపిస్తుంటే, ఇంటికి పట్టిన జబ్బు ఒదిలేసి మీటరుకి వైద్యం చేస్తున్నారు.

హైదరాబాదులో మా చెల్లెలు అంటుంది, "మాకేం భయం, ఏసీ ఉందిగా" అని. చాలామందికి ఇదే భ్రమ. గోడకి తగిలించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదమ్మా! గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది. రాత్రి పదింటికి తలుపేసుకుని ముగ్గురు పడుకుంటే, తెల్లారుజామున ఆ గది గాలి మా న్యూజెర్సీ గదికేమీ తీసిపోదు.

ఇక పొయ్యిమీదికి రండి. కారణం గాలే అని ఒప్పుకున్నాక మా ఇంటాయన చూపు నా వంటమీద పడింది. "గ్యాసు మండితే అదే వాయువు వస్తుంది, నీ అరిసెలవల్లే పగడాలు చస్తున్నాయి" అని. వస్తుంది, ఎవరు కాదన్నారు? అందుకే పొయ్యి పైనుండే హుడ్ ఫ్యానుని బయటికి గొట్టం వేసి పెట్టించమని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఇక్కడ చాలా ఇళ్ళలో ఆ ఫ్యాను గాలిని పైకి లాగి, జల్లెడ పట్టి, మళ్ళీ వంటమనిషి మొహానే కొడుతుంది. నా మొహానికి మూడేళ్ళు పట్టని గొట్టం, పగడాల పుణ్యమా అని మూడు వారాల్లో వచ్చింది.

తొట్టిలోకి ఏదైనా పొయ్యాలని చెయ్యి దురదపెట్టేవాళ్ళకి నేను ఒప్పుకునేది ఒకటుంది, సున్నపు తేట. జర్మనీవాళ్ళు కాల్క్‌వాసర్ అంటారు. అక్కడ పీటర్ విల్కెన్స్ అనే ఆయన దీన్ని పగడాల తొట్లకి అలవాటు చేశాడు. బళ్ళో గొట్టంతో ఊదితే తెల్లబడేదే, గుర్తుందా? సున్నపు తేట బొగ్గుపులుసు వాయువుని పట్టుకుంటుందని మనకి అప్పుడే చూపించారు. తొట్టిలో కూడా అదే పని. పైగా పగడానికి కావలసిన కాల్షియమూ, క్షారతా రెండూ సమపాళ్ళలో అందిస్తుంది. సీసా పొడిలో ఆ కాల్షియం లేదు. లీటరు నీళ్ళలో రెండు గ్రాములైనా కరగదు. ఆవిరై తగ్గిన నీళ్ళకి బదులుగా, రాత్రిపూట, చుక్క చుక్కగా వెయ్యాలి. తొట్టిలో మొక్కలూ పగడాలూ దీపాలారాక వాయువు వదులుతాయి కాబట్టి తెల్లారుజామునే పి.హెచ్. అన్నిటికంటే తక్కువ. చెంబుతో గుమ్మరించారంటే మటుకు ప్రాణాలమీదికొస్తుంది. దాని పి.హెచ్. 12 పైన. కిళ్ళీకొట్టు సున్నం అసలే వద్దు, అందులో ఏం కలిసి ఉంటుందో ఎవరు చూశారు? శుద్ధి చేసింది దొరుకుతుంది. ఇదంతా కిటికీకి తోడుగానే తప్ప, కిటికీకి బదులు కాదు.

"చలికాలంలో కిటికీ తెరిస్తే హీటరు బిల్లు ఎవడు కడతాడు?" అంటారు. పొడికీ, గుళికలకీ, పాడైన పంపుకీ, చచ్చిన పగడాలకీ ఎవరు కట్టారు? ఇల్లంతా బార్లా తెరవమనడం లేదు. స్కిమ్మరు గొట్టాన్ని కిటికీ సందులోంచి బయటికి లాగండి, వేలెడు లావు కూడా ఉండదు. మా ఇంట్లో ఆ ఒక్క పనితోనే పి.హెచ్. 0.2 పెరిగింది. గొట్టం మూతి కారు నిలిపే చోట పెట్టకండి, పెరటి మొక్కలకి పురుగుమందు కొట్టిన రోజున లోపలికి లాగేసుకోండి. అది తొట్టి సంగతి. మనుషుల కోసం పొద్దున ఓ పది నిమిషాలు, సాయంత్రం ఓ పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరవండి. గోడలూ సామానూ వేడిగానే ఉంటాయి కాబట్టి గది ఇట్టే మళ్ళీ వెచ్చబడుతుంది. ఆ పది నిమిషాలూ చలనిపిస్తే బీరువాలో మీ అత్తగారు పెట్టిన శాలువా ఉండే ఉంటుంది, తియ్యండి.